ఉగ్గాని పందెం

శనివారం రాత్రి తొమ్మిదయితే
ఆదోనిలో, పత్తి మార్కెట్ వెనక సందులో
మద్దిలేటి కుట్టుమిషన్ ఆగిపోతుంది.
సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉంటుంది,
దాని చేతికి భుజం దొరకాలంటే ఇంకో గంట.

కథ ఇదీ:
నాటకం కంపెనీలో యముడి వేషగాడు
పాశం విసరబోతూ స్టేజీ మీదే చచ్చిపోయాడు.
జనం చప్పట్లు కొట్టి వన్స్ మోర్ అన్నారు.
తెర మళ్లీ లేపితే అట్లనే పడున్నాడు,
ఇంకా గట్టిగా కొట్టారు.
అక్కణ్నుంచి ఎనిమిది వారాలు.
ఎవరైనా అబద్ధమాడితే తుమ్ములొచ్చే ఇన్‌స్పెక్టరు.
ఆ కంపెనీలో నిజం చెప్పేవాడే లేడు,
పాపం మనిషికి జేబురుమాళ్లు చాలవు.

నేను ఆ అంగట్లో కాజాలు కుడతా.
కళ్లు గుడ్డ మీద, చెవులు మనుషుల మీద.

పెద్దాసుపత్రి రూతమ్మకు శవం నచ్చలేదు.
"పొట్ట ఎట్ల ఎగిరెగిరి పడతాందో సూడు!
ముప్పై ఏండ్లు డ్యూటీ జేసినా,
ఇంత ఆరోగ్యంగా ఉండే పీనుగను యాడా సూళ్లేదు."

కోర్టు బంట్రోతుగా రిటైరైన బడేసాబ్ బాధ వేరు.
"ఎనిమిది వారాల్లో కేసు తేలిపోతాదా?
వాయిదా యాడ? వకీలుకు జ్వరం రాలేదే?
ఇది నవ్వులాట గాదప్పా, జానపదం."

డిగ్రీ చదివే తబస్సుమ్ మొదటిరోజే తేల్చేసింది:
"తెర లాగేవాడే. వాడొక్కడే ఎవర్నీ నవ్వించడం లేదు."
మద్దిలేటి మేనేజరు మీద నిలబడ్డాడు.
ఐదు ప్లేట్ల ఉగ్గాని, పది బజ్జీలు.
కత్తెర మీద చెయ్యేసి ఒట్టు.

ఆరో వారం కరెంటు పోయింది,
సరిగ్గా ఇన్‌స్పెక్టరు ట్రంకుపెట్టె మూత ఎత్తుతుంటే.
చీకట్లో పెట్టెలోంచి మేమే ఒక్కోటి తీసుకున్నాం:
కిరీటం, విషం సీసా, ఇంకో శవం.
"నా బాబిను" అన్నాడు మద్దిలేటి,
అది పోయి నెలైంది.
కరెంటొచ్చేసరికి సబ్బు ప్రకటన.

ఉరుకుందమ్మ మాత్రం ఏమీ అనదు.
గడప దగ్గర గుండీలు కుడుతూ
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతుంది,
శవం కనపడినప్పుడల్లా ఇంకొంచెం.
ఆమె మొగుడి సంగతి మాకందరికీ తెలుసు.
బస్టాండులో, పట్టపగలు, పదహారేండ్ల కిందట.
మొదటివారం మద్దిలేటి చానల్ మార్చబోతే
"ఉండనీలేప్పా" అనింది, అంతే.

చివరికి తెర లాగేవాడే.
"నేనే సంపినా" అన్నాడు వాడు.
ఇన్‌స్పెక్టరు ముక్కు పట్టుకొని కాచుకున్నాడు.
తుమ్ము రాలేదు.
తబస్సుమ్ బల్ల మీదికెక్కింది.
"మేనేజరు మొగం సూడు, హంతకుని మొగం కాదా అది?
వానికి అన్యాయం చేసినారు" అని మద్దిలేటి.
బడేసాబ్ అప్పటికే అప్పీలుకు వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్నే ఉగ్గాని వచ్చింది,
బొరుగుల్లో ఇంకా ఆవిరి.
అప్పుడు చెప్పింది ఉరుకుందమ్మ
తన అభిప్రాయం, ఎవరూ అడక్కుండానే:
"మా కేసులో
ఎవురు సంపిందీ ఊరందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పలా.
దీంట్లో ఎవురికీ తెల్దు, అందరూ చెప్తారు.
నవ్వు రాదా మల్ల?"

మా చేతుల్లో బజ్జీలు చల్లారినాయి.
ఆమె మిరపకాయను తొడిమ దాకా తినింది.
"మళ్లీ ఎప్పుడేస్తారు?"
"ఈ మధ్యాన్నమే. ఎవురో తెలిసిపాయె గదా పెద్దమ్మా, ఇంగేం సూస్తావు?"
"పట్టకపోతారు గదా," అనింది, "అది."

మద్దిలేటి వేళ్లు తుడుచుకొని
రాత్రి జాకెట్టు అందుకున్నాడు.
చెయ్యి తిరగేసి కుడుతున్నాడు,
మాకందరికీ కనపడుతోంది.
ఎవ్వరం చెప్పలేదు.