గుంటలో అక్షరం

నాలుగు రాగి నాణేలు, కుంచెడు యవలు.
అంతే. బేరమాడలేదు నేను.

సంఘం పంపిన చదువరి, నూనూగు మీసాలవాడు,
సమాధి రాయి ముందు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని
వేలితో చూపించాడు:
"మెలితీనె, ఉపదేశకురాలు.
చివరి రెండక్షరాలు తీసెయ్. 'డు' చెక్కు.
పేరుకి కూడా మగ తోక తగిలించు, ఒక గీత చాలు."
"ఆడమనిషి కదయ్యా" అన్నాను.
"అందుకే" అన్నాడు.

ఆ అక్షరాలు చెక్కింది నేనే, పదహారేళ్ళప్పుడు.
ఆడవాళ్ళు తలా గుప్పెడు ఉన్ని వేసి కూలి ఇచ్చారు.
'రా' కొంచెం వంకర. అప్పటికి చెయ్యి కుదరలేదు.

ఫ్రిజియా కొండల్లో చలి గొర్రెల్ని వదిలి మనుషుల్ని పట్టుకుంటుంది.
ఆమె ఉన్ని కొట్టంలో మాత్రం వెచ్చగా ఉండేది.
ఇనుప పళ్ళమీద ఉన్ని ఏకుతూ చెప్పేది,
జిడ్డు, పేడ వాసన, మధ్యలో కీర్తన.
స్నానశాలకి కట్టెలు మోసే త్రోఫిమె వచ్చేది.
రెండుసార్లు అమ్ముడైన పిల్ల ఒకతి, దానికి పేరు ఆమే పెట్టింది.
పన్నులవాడి పెళ్ళాం, ముసుగు కళ్ళదాకా లాక్కుని.
అమ్మ అంగీ అంచు పట్టుకుని నేను.

నాకప్పుడు నత్తి.
దేవుడి పేరు మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడేది.
అందరూ నవ్వితే ఆమె ఏకడం ఆపేది.
"ఆగండి. వీడింకా ఆ మాట లోపలే ఉన్నాడు.
మనమే తొందరపడి బయటికొచ్చేశాం."

ఆమెకి తెలియనివి చాలా ఉండేవి.
చచ్చిపోయిన చంటిది ఎక్కడికెళ్ళిందని అమ్మ అడిగింది ఒకరోజు.
చాలాసేపు ఉన్ని చప్పుడే.
"తెలీదు. కూర్చో.
ప్రశ్నకి కూడా చోటివ్వాలి" అని పీట జరిపింది.
తర్వాత ఎంతమందిని విన్నాను, బంగారు అంచుల బట్టల్లో!
తెలీదన్నవాడు ఒక్కడూ లేడు.

ఉలి పెట్టాను.
మొదట 'లు'. ఆ తర్వాత, వంకర 'రా'.
రాలు రాలిపోయింది రాతిమీంచి,
తెల్లటి పొడిగా, మోచేతి వెంట్రుకలమీద, పెదాలమీద.
ఉమ్మలేదు. మింగేశాను.
తొలిచిన చోట రాయి లోతుకి పోయింది.
ఆ గుంటలో 'డు' చెక్కాను, నిటారుగా, అందంగా.
పనిలో మోసం చెయ్యను. అదే నా పాపం.

యవలు తిన్నాం. రుచిగానే ఉన్నాయి.

ఇవాళ నా కూతుర్ని అటు తీసుకెళ్ళాను. బాబేయిస్, ఏడేళ్ళది.
పలకలు కొనలేక అక్షరాలు సమాధులమీదే నేర్పుతున్నా.
ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయింది.
చివర్లో ఆగింది. మళ్ళీ తడిమింది.
"నాన్నా, అన్నీ పైనుంటే
ఇదొక్కటే గుంటలో ఎందుకుంది?"

ముప్పై ఏళ్ళకి నత్తి తిరిగొచ్చింది.
మె...
మె...

నవ్వలేదది.
మంచుతడి గడ్డిని అరచేత్తో తుడిచి
పక్కన నాకు చోటు చేసింది.