పద్నాలుగు తులాలు

ముప్పై ఏళ్ళు వెండి తూచిన త్రాసులో
ఇప్పుడు పొద్దున్నే ఒక డేగను తూస్తున్నాను.

పొదిలి బజార్లో షోరూములొచ్చి
నా కుంపట్లో బూడిద చల్లారిన ఏడు
ఫారెస్టు వాచరు మాలకొండయ్య తెచ్చాడు దాన్ని,
పొగాకు బ్యారన్ పక్కన తీగ తగిలి పడిందని
తుండుగుడ్డలో చుట్టి, నిప్పు తెచ్చినట్టు.
"రెక్క అతికి మళ్ళా వేట పట్టిందాకా.
ఈ కాగితం మీద సంతకం పెట్టు ఆచారీ,
చెయ్యి వణకనోడివి ఊళ్ళో నువ్వే ఉండావు."

ఎందరు పసిపిల్లలకు పట్టీలు చేశానో!
ఈ కాళ్ళకు మేకతోలు పట్టీలు కోశాను.
రెండు చిన్నాల వెండితో ఒక మువ్వ,
ఏ కంపలో దిగినా నా చెవికి అందేటట్టు.
చూసినోళ్ళు ముచ్చటగా ఉందన్నారు.
ముచ్చటకు కాదు. భయానికి.

కోడిమాంసం ముక్కలు చాలనుకున్నాను.
డాక్టరమ్మ కేకలేసింది:
ఎముకా పోవాలి లోపలికి, బొచ్చూ పోవాలి,
తెల్లారి అది కక్కిన ఉండ విప్పి చూడాలి, నాడి చూసినట్టు.
నీసు గడప తొక్కని ఇల్లు మాది.
ఎలుకల కోసం పాత ఫ్రిజ్ ఒకటి కొని
వసారాలో పెట్టాను.
ఈశ్వరమ్మ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు,
దానితో మాత్రం మాట్లాడేది,
నేను ఇంట్లో లేననుకుని.

గోడకు మార్కాపురం పలక. బలపంతో రోజూ బరువు.
పద్నాలుగు తులాలు: పిలిస్తే వస్తుంది.
పద్నాలుగుంపావు: ఆలోచిస్తుంది.
పద్నాలుగున్నర: నేనెవరో ఎరగదు.

శివరాత్రి ముందురోజు
దాని పసుపు కన్ను చూసి జాలేసి
రెండు ముక్కలు ఎక్కువ పెట్టాను.
మర్నాడు దర్శి రోడ్డు సెల్ టవర్ ఎక్కి కూర్చుంది.
నా జాగారం ఆ టవర్ కిందే,
వెల్డింగు గ్లౌజు తొడిగిన చెయ్యి చాపుకుని.
లారీలోళ్ళు ఆపి అడిగారు, ఎవరికి దండం పెడుతున్నావు పెద్దాయనా అని.
మూడోనాడు దిగింది.
నా మీద మమకారంతో కాదు, ఆకలేసి.
గ్లౌజు మీద వాలగానే
పట్టీలు గట్టిగా పట్టుకున్నాను.
ఏడ్చానో లేదో ఈశ్వరమ్మకు చెప్పలేదు.

జిలానీ వచ్చాడు, మస్తాన్‌బీ మనవడు.
"సంత కాడ డేగపిల్ల ఎనిమిదొందలు తాతా, నేనూ కొనుక్కుంటా."
కొంటే కేసు పెడతారని చెప్పొచ్చు. అదీ చెప్పాను.
తరవాత పలక చేతికిచ్చి
వారం రోజులు అయిదున్నరకి రమ్మన్నాను.
రెట్ట కడిగాడు. ఉండ విప్పి ముక్కు మూసుకున్నాడు.
నాలుగోనాడు క్రికెట్టు.
అయిదోనాడు వాకిట్లోనే నిలబడి
"వొద్దులే తాతా, అది నా మొకం కూడా చూడదు" అన్నాడు.
నా మొకమూ చూడదురా అన్నాను.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.

చిత్తకార్తె వానలకు రెక్క నిండింది.
తనంతట తాను ఆరు తొండలు పట్టాక
మాలకొండయ్య కొండ కిందికి బండి తెచ్చాడు.
ఆ పొద్దు తూచలేదు. కడుపునిండా పెట్టాను.
నగలు కత్తిరించే కత్తెరతోనే పట్టీలు కోశాను.
ఎగిరి తుమ్మకొమ్మ మీద వాలి
ముక్కుతో కాళ్ళు వెతుక్కుంది, పట్టీలు ఏవని.
మేం వచ్చేసేటప్పటికీ వెతుక్కుంటూనే ఉంది.

మువ్వను కరిగించబుద్ధి కాలేదు.

కార్తీకంలో పెంచలమ్మ గొంతు వీధి చివర్నించే వినిపించింది:
"నీ డేగ నా కోడిపిల్లను తన్నుకుపోయింది ఆచారీ!"
నాది కాదమ్మా అది, అన్నాను.
ఎన్నడూ నాది కాదు, అని కూడా అన్నాను.
ఆమె నడుము మీద చెయ్యేసుకుని నిలబడే ఉంది.
ఏ డేగో, ఎక్కడిదో, ఎవరు చూశారు!
లోపలికెళ్ళి
చొక్కా జేబులోంచి వంద కాగితం తీసుకొచ్చి ఇచ్చి,
"పిల్ల ఎంత బరువుండేది పెంచలమ్మా?" అని అడిగాను.