నోట్లో ముద్ద

రాగిరెక్క పొద్దుగాల ఏం తింటడో
నాకంటే ఎక్కువ ఎవ్వరికీ తెల్వదు.
పన్నెండేండ్లు వాని మాటల బుడగల్ల
అక్షరాలు నింపింది నా చెయ్యే.
చిక్కడపల్లి సందుల, పిండిగిర్నీ మీది గది.
కింద జొన్నలు పడుతుంటే
పైన మా గీతలు వణికేటివి.

మూడో సంచిక: ఉస్మానియా బిస్కెట్ మీద ఆవకాయ.
ఏడోది: ఇడ్లీ, చాయ్‌ల ముంచి.
పదకొండుల, చార్మినార్ మీదికి ఉల్క దూసుకొస్తుంటే
వాడు నింపాదిగా ఖిచిడీల జిలేబీ తుంచుకుంటుండు.
"ముందు కడుపు, తర్వాత పట్నం."
ఆ మాట కథల లేదు. నేనే ఇరికించిన.

ఉత్తరాలొచ్చేవి.
జనగామ పిల్లగాడొకడు
మిర్చిబజ్జి సేమ్యా పాయసంల ముంచి తిన్నడట,
ఎగరలేదట,
రెండు రోజులు బడి తప్పిందట, అందుకు థాంక్స్ అట.
అదే కార్డు అంచున వాళ్లమ్మ, చిన్న అక్షరాలతోని:
"మీ రాగిరెక్కకు తల్లి లేదా?"

కార్డు పట్టుకొని బొమ్మలేసే మొయిజ్ సాబ్ దగ్గరికి పోయిన.
నవ్విండు. బ్రష్‌తోని బల్ల చూపిండు.
రాత్రంత పనిచేసినంక దానిమీద మిగిలినవి:
నా టిఫిన్ గిన్నెల అడుగంటిన తొక్కు,
ఆయన జేబుల నలిగిన బిస్కెట్లు,
రంగులేసే సుగుణమ్మ తెచ్చిన సల్లటి ఇడ్లీలు,
ఈద్ మరునాడైతే
గిన్నె అంచుకు ఇంత షీర్ ఖుర్మా.
"ఆకలి జోడీలు చూడదమ్మా అనసూయా.
నాకు కనబడ్డదే గీస్త."

ఆఖరి సంచిక.
ఆఖరిదని మాకెరుకే, జీతం రెండు నెలల బాకీ.
పొగరాజు దొరికిండు. మూసీ మీద పొగ ఇడిసిపోయింది.
రాగిరెక్క వాణ్ణి జైలుకు తీస్కపోలే.
నాంపల్లి టేషన్ ఎదురుంగ హోటల్ల కూసోబెట్టి
ఇడ్లీ తుంచి, చాయ్‌ల ముంచి,
కట్టేసిన చేతులు జూసి, తానే నోటికందిచ్చిండు.

పొగరాజు తలమీద బుడగ గీసే ఉంది.
రాసిచ్చిన మాట: "నన్ను క్షమించు."
నేను రాయలే.
నోట్ల ముద్దున్నోడు ఎట్ల మాట్లాడుతడు?
బుడగ ఖాళీగనే అచ్చయింది.
ఎడిటర్ తిట్టిండు. ప్రూఫు చూడాల్సింది ఆయనే.

మొన్న ఆయితారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
అదే సంచిక, అట్ట లేకుంట, ఇరవై రూపాయలకు.
నిలబడే ఆఖరి పేజీ తిప్పిన.
పొగరాజు బుడగల పెన్సిల్ రాత,
ఏ పిల్లచెయ్యో, వొంకర టింకరగ:

"చాయ్‌ల చక్కెర తక్కువైంది."