ఆర్డరు రాయి

చీమకుర్తి రాయి నల్లగా ఉంటది,
లోపల బంగారు చుక్కలు.
తడిగుడ్డతో తుడిస్తే
అమావాస్య ఆకాశం బల్ల మీద పడుకున్నట్టుంటది.
దాని మీద గీటు పెట్టేది నేను.
ఎక్కడ కోయాలో, ఎక్కడ జీర ఉందో
వేలితో తడిమి సుద్దతో చెప్తా.
పదకొండేళ్ల పని. వేళ్లకి గీతలు అరిగిపోయినై.
రేషన్ షాపులో మిషను నన్ను గుర్తుపట్టదు.

మార్చిలో ఒక ఆర్డరొచ్చింది,
సముద్రం అవతలి దేశం నుంచి.
పన్నెండడుగుల పలక, నాలుగు వరసల అక్షరాలు, పీఠానికి.
ఎవరి పీఠమో కాగితంలో లేదు.
అక్షరాలు మాత్రం మనవాటికి మేనత్త బిడ్డల్లా
గుండ్రంగా ఉన్నై, ఒక్కటీ పలకవు.

మాలకొండయ్య మామ ఉలి తీశాడు.
ఆయన చెక్కినవి ఎంతెంత దూరమో పోయినై,
సమాధుల మీదికి, బ్యాంకుల మీదికి.
చదవను, చెక్కుతానంతే అనేవాడు.
ఆ రోజెందుకో
"ఇదేం చెప్తందో ఎవరన్నా చెప్పండబ్బా" అన్నాడు.

ఖాజావలి కూతురు ఫర్హానా
అక్కడే డాక్టరు చదువు చదివేది,
కాలేజీ మూతపడి ఒంగోలొచ్చి కూర్చుంది.
ఫొటో పంపితే రాత్రి తొమ్మిదికి ఫోను చేసింది.
మొదటి వరస: దేశానికి ఒకటే గొంతు.
రెండో వరస: ఆ గొంతు ఆయనది.
మూడూ నాలుగూ ఆయన పేరు, బిరుదులు.
తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

తన గదిలో ఉండే పిల్ల
గోడ మీద ఒక ప్రశ్న రాసిందంట.
ఒక్కటే. పప్పు ధర గురించి.
ఆ పిల్ల చెప్పులు
హాస్టలు గుమ్మంలో ఇంకా ఉన్నాయంది.

యజమాని మంచోడే. కుర్చీ వేసి చెప్పాడు:
"ఊరుగాని ఊరి గొడవ మనకెందుకమ్మా,
రాయికి రాజకీయం ఏంది?"
నిజమే, రాయికి లేదు.
రాయికి ఆకలి కూడా లేదు. మాకుంది.
మా పిల్లోడి ఫీజు తేదీకి
క్యాలెండర్లో సున్నా చుట్టి ఉంది.

మామ ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు.
నినాదం లేదు, జెండా లేదు.
"నడుం నొప్పి" అన్నాడు.
ఖాజావలికి ఆ పూట క్రేన్ హుక్కు పట్టుకోలేదు.
నేను సుద్ద మర్చిపోయొచ్చానన్నా.
అబద్ధాలే.
ధైర్యం మాకు ఆ సైజులోనే దొరికింది.

తొమ్మిది రోజులు కూలి లేదు.
పదో రోజు రాయి లారీ ఎక్కి గుండ్లాపల్లి పోయింది.
అక్కడ మిషను చెక్కింది,
కృష్ణపట్నంలో ఓడెక్కింది.
ఈపాటికి పీఠం నిలబడే ఉంటది.
మేం ఆపలేదు. ఆపామని చెప్పుకోను.

కానీ గుండ్లాపల్లి నుంచి చెంచురామయ్య ఫోను:
"అక్కా, మీరెందుకు వదిలేశారంట? అందులో ఏముంది?"
నాలుగు వరసలూ చెప్పా. చెప్పుల సంగతీ చెప్పా.
"ముందే తెలిసుంటే..." అని గమ్మునైపోయాడు.
ఏం చేసేవాడో నాకు తెలీదు, అతనికీ తెలీదు.

మేమేం చేయగలమని ఫర్హానా అడిగిస్తే
అక్కడి పిల్లలు ఒకటే రాశారంట:
మా పేర్లు పలుకుతా ఉండండి,
తప్పుగా పలికినా పర్లేదు.
టీ దగ్గర మామ ఆ పిల్ల పేరు పలుకుతాడు.
మూడక్షరాలు. మధ్యది
ఆయన ఊడిన పన్ను సందులో ఇరుక్కుంటది.
మళ్లీ పలుకుతాడు.

ఇప్పుడు ఏ భాష రాయొచ్చినా
ముందు చదివించుకుంటాం, తర్వాతే సుద్ద.
మొన్న తెలుగులోనే ఒకటొచ్చింది,
మన దగ్గరి పీఠానికే.
దండిగా పొగడ్తలు.
చదవడం వచ్చిన భాషే గదా అని వదిలేయలా.
మామ కళ్లజోడు తుడుచుకుని,
మిషన్లు ఆపించి,
గట్టిగా, ఒక్కో అక్షరం
రెండుసార్లు చదివాడు.