స్టూలు ఒకటి

రెండు దరఖాస్తులు
డ్యూటీ బ్యాగులో, టిఫిను డబ్బా కింద
వారం రోజులుగా నలుగుతున్నాయి.
ఒకదానికి పప్పుచారు మరక.
ఒకటి మనోరోగుల నర్సింగులో పైచదువు,
ఇంకోటి కౌన్సెలింగు, రెండేళ్లు.
శుక్రవారం ఆఖరు.

"నర్సంటే దుప్పటి మార్చేదనుకుంటారు,
కౌన్సెలరంటే మేడం అంటారు,
ఆలోచించడానికేముందే" అంది ప్రమీలరాణి.

బ్రాడీపేటలో మేడమీద
హైమవతి గారి గది చూసొచ్చాను.
రెండు కుర్చీలు, మధ్యలో టిష్యూల పెట్టె,
వచ్చినవాళ్ల వీపు వెనక గడియారం.
"ముట్టుకోకూడదమ్మా. ఏడుస్తుంటే ఏడవనివ్వాలి.
పెట్టె మాత్రం కొంచెం ముందుకి జరపొచ్చు."
యాభై నిమిషాలు, ఒక్క మనిషిని వినడం!
నాకు ఆ గడియారం మీద ఈర్ష్య పుట్టింది.

మా వార్డులో వినాలంటే ముందు కాళ్లు ఆగాలి.
నలభై మంచాలు, రాత్రికి ఇద్దరం.
మాత్ర మింగారో లేదో నాలుక ఎత్తించి చూడాలి,
గోళ్లు తియ్యాలి, లంగా బొందులు లెక్కపెట్టాలి,
పదకొండు రోజులుగా నిద్రలేని ఆటో బాజీకి
గాల్లో గేర్లు మారుస్తున్న చెయ్యి పట్టుకుని
సూది వెయ్యాలి.
"సిస్టర్, జరిగి కూర్చో, బస్టాండుకి ఇంకో సీటుంది" అంటాడు.
నవ్వకూడదేమో. నవ్వుతాను.
మార్చి గాలికి యార్డులోంచి మిరప ఘాటొస్తే
అందరం ఒక్కసారే దగ్గుతాం.
ఆ నిమిషం ఎవరు రోగో
చూసేవాడికి తెలీదు.

నాంచారమ్మ మాట్లాడక తొమ్మిది రోజులు.
పెదనందిపాడు నుంచి తెచ్చి దించేసి పోయారు.
కేసు షీటులో ఎవరో 'మూగ' అని రాసి కొట్టేశారు.
మొన్న రాత్రి మూడింటికి
బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాను.
బిగిసింది. వదలబోతుంటే
"ఇంకాసేపుంచు" అంది.

పట్టీని అంది, నన్ను కాదు.
లేక నన్నేనేమో.
మళ్లీ గాలి కొట్టాను, అంకె చూసుకోలేదు.
"మా పిల్ల ఇట్టాగే పట్టుకునేది చెయ్యి,
బావి గట్టు మీద" అని మొదలెట్టింది.
ఏడో మంచం దగ్గర ఏదో భళ్లున పగిలింది.
పరిగెత్తాను.
తిరిగొచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుంది.
చార్టులో నూటపది బై డెబ్భై అని రాశాను.
అది అబద్ధం.

మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడేలు తీసేది.
సీజనంతా ఆ చేతులు మమ్మల్ని ముట్టుకోలేదు.
మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా
మంట పోయేది కాదు.
నాకు జొరమొస్తే చేతులు వెనక్కి పెట్టుకుని
మంచానికి మూరెడు దూరంలో కూర్చుని
మాటల్తోనే నొసలు నిమిరేది.
తగ్గేది కూడా.
ఇది హైమవతి గారికి చెప్పాలనిపించింది.
చెప్పలేదు.

అమ్మనే అడిగాను.
"ఏదైతే జీతం తొందరగా వచ్చిద్దో అది" అంది.
కాసేపాగి,
"చేతులు బాగున్నాయిగా నీయి" అంది.
అది జవాబో, దిష్టో, వట్టి చూపో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇవాళ గురువారం. ఇండెంటు పుస్తకంలో
దూది, స్పిరిటు, సిరంజీలు రెండు డబ్బాలు,
వాటి కింద
స్టూలు ఒకటి, అని రాశాను.

హెడ్ సిస్టర్ కరుణమ్మ కళ్లద్దాలు దించింది.
"స్టూలెందుకే, ఎక్కి ఫ్యాను తుడుస్తావా?"
"కూర్చోడానికి."
"ఎక్కడ?"
"మంచం పక్కన. ఒక్కోసారి."
కొట్టేస్తుందనుకున్నాను.
కలం ఆ రెండు ముక్కల మీద
చాలాసేపు ఆగింది.
తర్వాత పక్కనే, చిన్నక్షరాలతో
'చెక్కది' అని చేర్చింది.
"ఇనపదైతే ఈడ్చేటప్పుడు చప్పుడవుద్ది."