మాడిన టోస్ట్

జూలై. బల్లారట్‌లో ఇంకా తెల్లారలేదు.
కారు అద్దం మీద మంచు గీకుతున్నాను
గడువు తీరిన లైబ్రరీ కార్డుతో.
వేళ్ళు నావి కావు.

నైట్ డ్యూటీ దిగి వచ్చింది కెజియా.
బూట్లయినా విప్పకుండా మెట్టు మీద కూలబడింది.
"తొమ్మిదో గదిలో తాత పోయాడు.
చెయ్యి పట్టుకునే ఉన్నా."

ఆ చెయ్యే కాసేపటికి
నా కోటు జేబులో దూరింది, వెచ్చదనానికి.

నాకు ప్రార్థన రాదు.
పెళ్ళైన కొత్తల్నుంచీ అంతే,
తను కళ్ళు మూసుకుంటే
నేను చల్లారే అన్నం వంక చూసేవాణ్ణి.

లోపల మాడు వాసన.
మృదు కుర్చీ ఎక్కి, నల్లటి చోటల్లా చెంచాతో గీకి,
వెజిమైట్ రాసి, పైన కారప్పొడి చల్లి
టోస్ట్‌ని మూడు ముక్కలు చేసింది.
సమానంగా రాలేదు.
పెద్దది వాళ్ళమ్మ ముందుకు తోసింది.

"డాడీ, ఇవాళ నువ్వు చెప్పు."

గొంతు సవరించుకున్నాను.
ఎవరికి చెప్పాలో, ఎక్కడ మొదలెట్టాలో.
కెజియా కళ్ళు మూసుకునే ఉంది,
నిద్రో, ఎదురుచూపో.

"ఉన్నాం," అన్నాను.
"ముగ్గురం."

"ఆమెన్," అంది మృదు, అప్పటికే నములుతూ.

బయట కారు
ఊరికే ఆన్‌లో ఉంది.