పద్నాలుగో నెల

తుంటి మీద కొడితే పళ్లు రాలాయంటారు.
నాకు మోకాలు రాలింది.
పదకొండేళ్లు మోకాటికే కట్టు కట్టాను,
మోకాటికే మందు రాశాను.
పాపం, దానికేం తెలుసు,
పైన అరిగిపోతున్న గిన్నె ఏడుపు
తన గొంతులోంచి వస్తోందని.

కువోపియో ఆసుపత్రిలో
పాత బంతిని కోసి తీసేశారు.
ఎక్కడ పెట్టారని అడిగాను.
నర్సు కిటికీలోంచి సరస్సు వైపు చూసింది.
ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటింట్లో
నలభై లీటర్ల బఠాణీ చారు గంగాళాన్ని
ఒక పక్కకి ఒరిగి మోసిన ఎముక కదా,
ఒక్క మాటైనా చెప్పి పంపాల్సింది.

మొదటి ఆరు వారాలు సులువే.
అవును, సులువే.
అందరూ వస్తారు, రై రొట్టె తెస్తారు.
మోకాళ్ల మధ్య దిండు,
మేజోళ్లు తొడగడానికి పొడుగాటి కొక్కెం,
చేయకూడని పనుల జాబితా ఫ్రిజ్ మీద.
కాగితం ఉన్నన్నాళ్లు మనిషికి ధైర్యం.

ఊతకర్రలు తిరిగిచ్చేశాక,
ఎలా ఉన్నావని అడగడం అందరూ మానేశాక,
ఐదో నెలలో ఓ మంగళవారం
బూటు లేసు కోసం వంగి
సగంలో ఆగిపోయిన చెయ్యి.
బూటుకీ నాకూ మధ్య
జానెడు.
ఆ జానెడు దాటడానికి చలికాలమంతా పట్టింది.

మా సౌనాలో మూడు బల్లలు, మెట్లు మెట్లుగా.
నవంబర్లో కింది బల్ల, పిల్లలు కూర్చునేది.
ఫిబ్రవరిలో రెండోది.
పైబల్ల మీంచి వదిన హిల్కా
కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతూ
"వేడి తగుల్తోందా అక్కడ?" అని అడిగేది
కొండ మీంచి లోయలోకి కేకేసినట్టు.
తగుల్తోంది అనేదాన్ని.
అబద్ధం. పాదాలు చల్లగానే ఉండేవి.

నొప్పి వెళ్లిపోయింది.
కుంటడం పోలేదు.
సాంప్సా, నాకు నడక నేర్పే మాస్టారు,
ఇరవై ఆరేళ్లవాడు, చెవికి పోగు,
అద్దం ముందు నడిపించి అన్నాడు:
ఎముక కొత్తది ఇర్యా గారూ, నడక పాతది.
నిజమే.
అప్పు తీరిపోయినా
అప్పులవాడి వీధి తప్పించి నడిచే మనిషిలా
నా ఒళ్లు ఇంకా పక్కకి తప్పుకునే నడుస్తోంది.

రోజూ వంటగట్టు పట్టుకుని
ఒంటికాలి మీద, కాఫీ దిగేదాకా.
కొన్నాళ్లకి పట్టుకోకుండా.
కొన్నాళ్లకి మళ్లీ పట్టుకుని.
మా మార్చి మంచు కూడా అంతే,
పగలు కరుగుతుంది,
రాత్రి మాట మారుస్తుంది.

నిన్న మా మెట్ల మలుపులో
తౌనో నిలబడి ఉన్నాడు, తాళం చెవి తడుముకుంటూ.
పియానోలు శ్రుతి చేసేవాడు. చూపు లేదు.
పదేళ్లుగా నన్ను అడుగుల్ని బట్టే పోల్చుకుని
నేనింకా కింది మెట్ల మీద ఉండగానే
"ఇర్యా, ఇవాళ చారులో ఉప్పెక్కువా?" అనేవాడు.
నిన్న మాత్రం తల ఓ పక్కకి వంచి విని,
నేను దగ్గరికొచ్చేదాకా ఆగి,
మర్యాదగా,
పరాయివాళ్ల కోసం దాచుకున్న గొంతుతో
"ఎవరండీ? ఎవరింటికి?" అన్నాడు.

పద్నాలుగు నెలల చదువుకి
ఇంతకంటే మంచి మార్కు ఎవరూ వెయ్యలేరు.
తెలుసు.
అయినా ఎక్కడో కలుక్కుమంది.
తుంటిలో కాదు.

నేనే అన్నాను. నమ్మలేదు.
జ్వరమా, గొంతు మారిందా అని అడిగాడు.
గొంతు కాదు తౌనో.

మళ్లీ కిందికి దిగాను.
పదమూడు మెట్లు,
కమ్మీ పట్టుకోకుండా ఎక్కి వచ్చాను,
ఆయన వింటుండగా.
తొమ్మిదో మెట్టు దగ్గర మాత్రం
ఎడమకాలు కాస్త ఈడ్చాను.
తెలిసే ఈడ్చాను,
సాంప్సాకి చెప్పొద్దు.

"ఆఁ," అన్నాడు తౌనో, తలుపు తీస్తూ,
"ఉన్నావన్నమాట."